కాలు, కాలం

తెర మీద ఎక్స్‌రే చూపిస్తూ డాక్టరు రెండు దారులున్నాయంది. కాలు నిలబెట్టడానికి ప్రయత్నించొచ్చు. లేదా తీసేయొచ్చు. "ఏదైనా తప్పు కాదు మేడమ్. రేపు పొద్దున పదింటికల్లా చెప్పండి. ఇంకా ఆలస్యమైతే నిర్ణయం మన చేతిలో ఉండదు."

పిల్లి పేరు మచ్చి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉంటుంది. వాచ్‌మన్ కూతురు పెట్టిన పేరు. ఎవరి పిల్లి అంటే అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. ఆ రోజు పొద్దున ఎవరో కారు రివర్స్ చేస్తుంటే చక్రం దాని ఎడమ వెనక కాలి మీదుగా వెళ్ళింది. మోకాలికీ మడమకీ మధ్య ఎముక మూడు ముక్కలైంది. ఒక ముక్క చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. సెల్లార్ దుమ్ము, ఆయిల్ మరక, వెంట్రుకలు, అన్నీ ఆ గాయంలోనే ఉన్నాయి. డాక్టరు పటకారుతో కాలివేలు గట్టిగా నొక్కింది. మచ్చి తల తిప్పి బుస్సుమంది. "నరం బతికే ఉంది" అందావిడ. నరం చచ్చిపోయి ఉంటే ఇక ఆలోచించడానికేమీ ఉండేది కాదు, కాలు తీసేయడమే.

నిలబెట్టాలంటే చర్మం బయటనుంచి ఎముకలోకి పిన్నులు దింపి, వాటిని బయట ఒక కడ్డీకి బిగిస్తారు. రెండు మూడు నెలలు బోనులో ఉండాలి. మొదట్లో రోజూ డ్రెస్సింగ్. మధ్యమధ్యలో మత్తు ఇచ్చి ఎక్స్‌రేలు. ఎముకలోకి చీము దిగితే ఇంకో ఆపరేషన్. అదీ ఫలించకపోతే చివరికి కాలు తీసేయడమే. అలా కాక ఇప్పుడే తీసేస్తే తొడ సగం పైనుంచి తీస్తారు. మొండి పొడుగ్గా మిగిలితే పిల్లి దాన్ని నేలకు ఆనించబోయి పుండు చేసుకుంటుందట. రెండు వారాల్లో కుట్లు విప్పుతారు. "నాలుగు కాళ్ళ జంతువు బరువు ఎక్కువగా ముందు కాళ్ళ మీదే ఉంటుంది. వెనక కాలు ఒకటి పోతే సర్దుకుంటాయి. చూసేవాళ్ళే సర్దుకోలేరు" అంది.

ఇంటికొచ్చి నెల్లూరుకి ఫోన్ చేశాను. అమ్మ అంతా విని, "పుత్తూరు తీసికెళ్ళవే. పిల్లైతే ఏం, ఎముక ఎముకేగా" అంది.

నిర్ణయించుకోవడం చేతకానప్పుడు చదవడం నాకు పాత అలవాటు. చదువుకున్నది చరిత్ర. ఆ రాత్రంతా కూర్చుని చదివింది, తర్వాత ఇంకొంచెం కుదురుగా చదివింది కలిపి ఇది రాస్తున్నాను.

*

అమ్మ మాటతోనే మొదలుపెడతాను. పుత్తూరు కట్టు తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలు, గుడ్డ. ఈ పద్ధతికి వెనక చాలా పాత చరిత్ర ఉంది. సుశ్రుత సంహిత ఎముక విరగడాన్ని పన్నెండు రకాలుగా, కీలు తప్పడాన్ని ఆరు రకాలుగా విడదీసి చెబుతుంది. కట్టులో వాడే బద్దలకు ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది బెరళ్ళు, వెదురు పనికొస్తాయంటుంది. లాగి సరిచేయడం, కదలకుండా కట్టడం, ఎముక తనంతట తాను అతుక్కునేదాకా ఓపిక పట్టడం. చర్మం చీలకుండా లోపలే విరిగిన ఎముకకు సూత్రం నేటికీ అదే.

అసలు గీత చర్మం దగ్గరుంది. చర్మం చీలి ఎముక గాలి చూసిందంటే కథ మారిపోతుంది. ఇక్కడ చంపేది విరిగిన ఎముక కాదు, గాయంలో పట్టే చీము. ఆ తర్వాత కుళ్ళు, జ్వరం, మరణం. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో కూడా సర్జన్లందరికీ ఈ గీత తెలుసు. దానికి ఇవతల కట్టు, అవతల రంపం.

పదహారో శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఆంబ్రువాజ్ పారే అనే సర్జన్ ఉండేవాడు. విశ్వవిద్యాలయంలో లాటిన్ చదివిన వైద్యుడు కాదు, మంగలి సర్జన్ల కోవలో పైకొచ్చినవాడు. 1537లో ట్యూరిన్ దగ్గర యుద్ధంలో ఉన్నాడు. తుపాకీ గాయంలో విషం ఉంటుందని, దాన్ని చంపడానికి మరిగే నూనె పోయడం అప్పటి వైద్యం. ఆ రోజు నూనె అయిపోయింది. గత్యంతరం లేక గుడ్డుసొన, గులాబీ నూనె, టర్పెంటైన్ కలిపి రాశాడు. పొద్దున లేచి చూస్తే నూనె పోసినవాళ్ళు జ్వరంతో, వాపుతో అల్లాడుతున్నారు, రాసినవాళ్ళు నిమ్మళంగా ఉన్నారు. 1552లో దాంవిలేర్ ముట్టడిలో ఇంకో మార్పు తెచ్చాడు. కాలు కోశాక నెత్తురు ఆపడానికి ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవాళ్ళు. పారే రక్తనాళాల్ని దారంతో ముడేశాడు.

1561లో అతన్నే ఒక గుర్రం తన్నింది. కాలి ఎముకలు రెండూ విరిగి చర్మం బయటికొచ్చాయి, మచ్చికి జరిగినట్టే. కాళ్ళు కోయడంలో యూరప్‌కి కొత్త దారి చూపించిన మనిషి కాలు మాత్రం కోయలేదు. అది నయమైంది. చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అయితే అతని పక్కన ఎవరున్నారు, ఎలాంటి పడక దొరికింది, ఎంత సంరక్షణ దొరికింది అనేవి అతని అదృష్టంలో భాగమే.

రెండు వందల ఏళ్ళ తర్వాత లండన్‌లో ఇదే కథ ఇంకోలా జరిగింది. 1756లో పర్సివల్ పాట్ అనే సర్జన్ గుర్రం మీదనుంచి పడ్డాడు. కాలి ఎముక చర్మం చీల్చుకుని వచ్చింది. రోడ్డు మీద పడుకునే, తనను ఎవరూ కదపకూడదన్నాడు. ఒక తలుపు కొనమని, దానికి కర్రలు మేకులతో కొట్టించమని చెప్పి, పల్లకీ మోసేవాళ్ళను పిలిపించి, ఆ తలుపు మీద పడుకుని థేమ్స్ వంతెన దాటి ఇల్లు చేరాడు. తోటి సర్జన్లు వచ్చి చూశారు. కాలు తీసేయాల్సిందేనన్నారు. ఆయనా సరేనన్నాడు. పరికరాలు సిద్ధమయ్యాయి. అప్పుడు ఆయన పాత గురువు ఎడ్వర్డ్ నోర్స్ ఆలస్యంగా గదిలోకి వచ్చి, నిలబెట్టి చూద్దామన్నాడు. కాలు నిలిచింది. మంచం మీదున్న రోజుల్లో పాట్ రాయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎముకలు విరగడం మీద ఆయన రాసిన పుస్తకం సర్జన్లకు చాలాకాలం పాఠ్యమైంది.

ఈ కథను వైద్యులు రెండున్నర శతాబ్దాలుగా చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి కథలో లేనివాళ్ళు కనపడ్డారు. అదే ఏడు అదే లండన్‌లో బండి చక్రం కింద కాలు పడ్డ కూలీకి తలుపు కొనే డబ్బు లేదు. ఆలస్యంగానైనా వచ్చే గురువు లేడు. కాలు నిలబెట్టడానికి ప్రయత్నించడం అప్పుడు కూడా కలిగినవాడి హక్కు. నా ముందున్న రెండు బిల్లుల మధ్య తేడా నా నెల జీతంలో సగం పైన ఉంది. డబ్బు గురించి ఆలోచించకూడదు అనుకుంటూనే ఆలోచిస్తున్నాను.

*

యుద్ధాలు ఈ వాదాన్ని పెద్దది చేశాయి. 1761లో ప్రష్యా సైన్యపు సర్జన్ యోహాన్ బిల్గర్, కాళ్ళూ చేతులూ కోయడం ఎంతో అరుదుగా మాత్రమే జరగాలని లాటిన్లో ఒక గ్రంథం అచ్చువేశాడు. ఏడేళ్ళ యుద్ధంలో కోత తర్వాత చచ్చిపోయే సైనికుల్ని చూసి చూసి వచ్చిన అభిప్రాయం అది. యాభై ఏళ్ళ తర్వాత నెపోలియన్ సర్జన్ దొమినిక్ లారే దీనికి పూర్తిగా ఎదురు చెప్పాడు. కోయాల్సిన కాలైతే వెంటనే, మొదటి రోజే కోయాలన్నాడు. 1812లో బొరొదినో యుద్ధంలో ఒక్క రోజులో రెండు వందల దాకా కోతలు చేశాడంటారు.

వీళ్ళలో ఎవరు రైటు? ఇద్దరూ చూసింది నిజమే. బిల్గర్ చూసింది కోశాక చనిపోయినవాళ్ళను. లారే చూసింది కోయకుండా బండ్లలో వేసి గతుకుల దారిలో మైళ్ళకొద్దీ తోలితే దారిలోనే చచ్చిపోయినవాళ్ళను. వైద్యం అనుకున్న ప్రశ్నకు జవాబు రోడ్ల దగ్గర, బండ్ల దగ్గర ఉంది. గాయపడ్డ మనిషి రేపెక్కడ పడుకుంటాడు అన్నది తెలియకుండా కాలు సంగతి తేల్చలేం. ఈ మాట ఆ రాత్రి నాకు పెద్దగా పట్టలేదు. తర్వాత పట్టింది.

1846 అక్టోబర్‌లో బోస్టన్‌లో ఈథర్ మత్తు పనిచేస్తుందని రుజువైంది. అదే డిసెంబర్ 21న లండన్‌లో రాబర్ట్ లిస్టన్ ఫ్రెడరిక్ చర్చిల్ అనే రోగికి ఈథర్ ఇచ్చి తొడ దగ్గర కాలు తీసేశాడు. కోతకు పట్టింది అర నిమిషం లోపే. మత్తు లేని రోజుల్లో వేగమే దయ, లిస్టన్ చేతివేగం ఆ దయకు పేరుపడింది. మత్తు వచ్చాక ఆ తొందర అక్కర్లేదు. కానీ చీము మాత్రం అక్కడే ఉంది. నొప్పి లేకుండా కోయించుకుని వారం తర్వాత వార్డులో కుళ్ళి చచ్చిపోయేవాళ్ళు.

1865 ఆగస్ట్ 12. గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి జేమ్స్ గ్రీన్లీస్ అనే పదకొండేళ్ళ పిల్లాడు వచ్చాడు. బండి చక్రం ఎడమ కాలి మీదుగా వెళ్ళింది. మోకాలి కింద ఎముక విరిగి గాయం తెరుచుకుంది. ఎడమ కాలు, చక్రం, అదే ఎముక. ఆ వాక్యం దగ్గర చదవడం ఆపి లేచి నీళ్ళు తాగాను. మామూలుగా అయితే రంపమే. సర్జన్ జోసెఫ్ లిస్టర్ అప్పటికి పాశ్చర్ రాసింది చదివి ఉన్నాడు. గాలిలో ఉన్నవేవో గాయంలోకి దిగి కుళ్ళబెడుతున్నాయని అతని నమ్మకం. కార్లైల్ ఊళ్ళో మురుగు కంపు పోగొట్టడానికి కార్బాలిక్ యాసిడ్ వాడుతున్నారని విన్నాడు. ఆ యాసిడ్లో తడిపిన గుడ్డను గాయం మీద పెట్టి కట్టాడు. చీము పట్టలేదు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది.

1867లో లిస్టర్ ఇలాంటి పదకొండు కేసులు అచ్చువేశాడు. ఒకరు చనిపోయారు, ఒకరి కాలు తీసేయాల్సి వచ్చింది, మిగతా తొమ్మిది మందీ కాలితో ఇంటికెళ్ళారు. తన వార్డులో కాళ్ళూ చేతులూ కోయించుకున్నవాళ్ళ లెక్కలూ చెప్పాడు. ఈ పద్ధతికి ముందు 35 మందిలో 16 మంది చనిపోయారు. తర్వాత 40 మందిలో ఆరుగురు.

ఆ లెక్కల్ని మామూలుగా విజయగాథగా చదువుతాం. నాకు వాటిలో ఇంకోటి కనపడింది. లిస్టర్ కాలు నిలబెట్టడాన్ని సాధ్యం చేశాడు. అదే చేత్తో కాలు తీసేయడాన్ని కూడా భద్రం చేశాడు. మూడు వందల ఏళ్ళుగా ప్రశ్న "కాలా, ప్రాణమా" అని ఉండేది. అది పోయింది. ఇప్పుడు రెండు దారుల్లోనూ రోగి బతుకుతాడు. మిగిలిన ప్రశ్న కాలా, కాలమా. ఒక కాలి కోసం జీవితంలోంచి ఎన్ని నెలలు, ఎంత నొప్పి, ఎంత డబ్బు ఇస్తావు?

*

ఈ కొత్త ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది రోగి. అలా చెప్పినవాళ్ళలో మనకు బాగా తెలిసినవాడు కవి విలియం ఎర్నెస్ట్ హెన్లీ. క్షయ ఎముకల్లోకి దిగి చిన్న వయసులోనే అతని ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. తర్వాత రెండో కాలూ పాడైంది. అదీ తీసేయాలన్నారు. ఒప్పుకోలేదు. 1873లో ఎడిన్‌బరోలో ఉన్న లిస్టర్ దగ్గరికి వెళ్ళాడు. ఇరవై నెలలు ఆస్పత్రి మంచం మీదే. కాలు దక్కింది. 'ఇన్‌విక్టస్' రాసింది ఆ మంచం మీదే. 1875లో అక్కడ అతన్ని చూడటానికొచ్చిన స్టీవెన్‌సన్ తర్వాత 'ట్రెజర్ ఐలండ్'లో లాంగ్ జాన్ సిల్వర్‌ని సృష్టించాడు. ఆ ఒంటికాలి మనిషి ధాటికి మూలం హెన్లీయేనని ఆయనే ఒప్పుకున్నాడు.

హెన్లీ ఇరవై నెలలు ఎందుకు భరించాడో హెన్లీకి తెలుసు. ఏ పొద్దున ఆపమన్నా ఆపేవాళ్ళు. నొప్పికి అర్థం ఉండడం, దాన్ని వద్దనే వీలు ఉండడం, ఈ రెండూ అతని కాలి ఖరీదులో ఉన్నాయి.

పోయిన కాలి గురించి కూడా అదే కాలంలో సాహిత్యమే ముందు మాట్లాడింది. 1866లో అమెరికాలో 'అట్లాంటిక్ మంత్లీ'లో రచయిత పేరు లేకుండా ఒక కథ వచ్చింది. అంతర్యుద్ధంలో రెండు కాళ్ళూ రెండు చేతులూ పోగొట్టుకున్న జార్జ్ డెడ్లో అనే సైనికుడు తన కథ చెప్పుకుంటాడు. లేని అవయవాలు నొప్పి పుడుతుంటాయి. అది నిజమనుకుని జనం అతని కోసం డబ్బులు పోగుచేశారు. రాసింది సైలస్ వైర్ మిచెల్ అనే నరాల వైద్యుడు. యుద్ధంలో అలాంటి సైనికుల్ని ఎంతోమందిని చూసినవాడు. 1871లో ఆయనే దీనికి 'ఫాంటమ్ లింబ్' అని పేరు పెట్టాడు. ఇది మూడు వందల ఏళ్ళ ముందే పారే గమనించిన సంగతి. పిల్లికి లేని కాలు ఎలా అనిపిస్తుందో రాసే డెడ్లో ఎవరూ లేరు.

*

జంతువుల చరిత్ర ఈ కథలో ఎక్కడుందా అని వెతికితే, పునాదిలోనే ఉంది. మచ్చికి చేస్తామన్న ఆ బయటి కడ్డీ చరిత్రనే చూడండి. 1930లలో అమెరికాలో పెన్సిల్వేనియాలో ఆటో స్టేడర్ అనే పశువైద్యుడు కుక్కలతో విసిగిపోయాడు. పిండికట్టు వేస్తే కొరికేస్తాయి, కట్టు తడుపుతాయి, పడుకోవు. పిన్నులు ఎముకలో, కడ్డీ బయట ఉండేలా ఒక సాధనం తయారుచేశాడు. కుక్కలు మర్నాటికి నడిచేవి. న్యూయార్క్ బెల్‌వ్యూ ఆస్పత్రి సర్జన్లు దాన్ని మనుషులకు వాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం దాన్ని తీసుకుంది. కుక్క ఓర్చుకోలేనిది అనుకున్నదాంట్లోంచి మనిషికి మేలు పుట్టింది.

జర్మనీలో గెర్హార్డ్ కుంట్షర్ ఎముక లోపలి గొట్టంలోకి ఇనుప చువ్వ దించే పద్ధతిని కుక్కల మీద ప్రయోగించి, 1939లో మనిషికి చేశాడు. ఈరోజు తొడ ఎముక విరిగిన ప్రతి బైకు కుర్రాడికీ 'రాడ్డు వేశారు' అంటామే, అది ఆ చువ్వ వంశమే. 1958లో స్విట్జర్లాండ్‌లో కొందరు సర్జన్లు ఏఓ అనే బృందం పెట్టి ప్లేట్లు, స్క్రూల వైద్యానికి ఒక క్రమం తెచ్చారు. 1969లో దానికి పశువైద్యుల శాఖ ఏర్పడింది. 2009లో ఇంగ్లండ్‌లో నోయెల్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే పశువైద్యుడు, కోత యంత్రంలో పడి రెండు వెనక పాదాలూ పోగొట్టుకున్న ఆస్కర్ అనే నల్లపిల్లికి చీలమండ ఎముకల్లోకే కృత్రిమ పాదాలు బిగించాడు. చర్మంలోంచి లోహం బయటికొచ్చే చోట చీము పట్టకుండా ఉండటానికి, జింక కొమ్ము చర్మాన్ని చీల్చుకుని వచ్చే తీరును చూసి లండన్ పరిశోధకులు చేసిన సాధనం అది.

అంటే ఇప్పుడు పిల్లికి కూడా మనిషికి చేయగలిగిందంతా చేయొచ్చు. చేయగలిగితే చేయాలా?

మనుషుల విషయంలో ఈ మాట అడిగినవాళ్ళున్నారు. 1990లో అమెరికన్ వైద్యులు నుజ్జయిన కాళ్ళకు మార్కులు వేసే పట్టిక ఒకటి చేశారు. ఎముకా కండా ఎంత పాడయ్యాయి, నెత్తురు అందుతోందా, రోగి షాక్‌లో ఉన్నాడా, వయసెంత. ఏడు గానీ అంతకు మించి గానీ వస్తే కాలు తీసేయడం మేలు. ఆ తర్వాత ఎనిమిది ఆస్పత్రుల్లో 569 మంది రోగుల్ని రెండేళ్ళు వెంటాడి చూశారు. ఫలితం 2002లో వచ్చింది. ఆ మార్కుల పట్టిక అంతగా నమ్మదగింది కాదని అదే పరిశోధనలో తేలింది. అసలు సంగతి ఇంకోటి. రెండేళ్ళ తర్వాత కాలు తీసేసినవాళ్ళ బతుకూ, కాలు నిలబెట్టుకున్నవాళ్ళ బతుకూ దాదాపు ఒకేలా ఉన్నాయి. కాలు నిలబెట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఆస్పత్రిలో చేరడం ఎక్కువ, దాదాపు సగం మంది. తీసేసినవాళ్ళలో మూడోవంతు. ఎవరు కోలుకుంటారు అన్నదాన్ని పేదరికం, చదువు, బీమా, ఇంట్లో ఆసరా ఇచ్చే మనుషులు ఉండడం, తన మీద తనకు నమ్మకం, ఇవి ఎక్కువగా తేల్చాయి.

బిల్గర్, లారేల దగ్గర పట్టని మాట ఇక్కడ పట్టింది. ఆపరేషన్ బల్ల మీద ఏం జరిగింది అన్నదానికన్నా ఆ తర్వాత ఎక్కడికి వెళ్తావు, అక్కడ ఎవరున్నారు అన్నది పెద్దది.

*

మా తరం పుట్టకముందు వచ్చినా, కాలు పోవడం అనగానే మనకు గుర్తొచ్చే సినిమా 'మయూరి'. సింగీతం శ్రీనివాసరావు 1985లో తీసింది. సుధా చంద్రన్ కథలో సుధా చంద్రనే నటించింది. 1981లో బస్సు ప్రమాదం, గాయానికి గ్యాంగ్రీన్, కాలు తీసేయడం, జైపూర్ పాదం, మళ్ళీ నాట్యం. ఆ పాదాన్ని 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, పనితనం తెలిసిన రామచంద్ర శర్మ కలిసి చేశారు. చెప్పుల్లేకుండా నడిచే, బాసింపట్టు వేసుకుని కూర్చునే, పొలంలో దిగే మనుషుల కోసం. ఇంకా వెనక్కి వెళ్తే రుగ్వేదంలో విశ్పల ఉంది. కాలు తెగితే అశ్వినులు ఇనుప కాలు పెట్టారు. ఆమె యోధురాలని చాలామంది అన్నారు. జర్మన్ పండితుడు పిషెల్ మాత్రం ఆమె మనిషి కాదు, పందెపు గుర్రం అన్నాడు.

ఈ కథలన్నిటిలో మనకు నచ్చేది ఒకటే, కాలు పోయినా ఓడిపోకపోవడం. అలా నచ్చాలంటే ముందు కాలు పోవడం ఓటమి అని ఒప్పుకోవాలి. కుంటి, అవిటి అనే మాటల్ని తిట్లుగా వాడే భాషలో పెరిగాను. మచ్చికి కాలు తీసేయమని చెప్పడానికి నోరు రాకపోవడంలో ఆ భాష వాటా ఎంత? రెండు మూడు నెలలు బోనులో పెట్టి కాలు నిలబెడితే, నాలుగు కాళ్ళతో నడిచే పిల్లిని చూసి తృప్తిపడేది ఎవరు? పిల్లికి అద్దం లేదు, ఇరుగుపొరుగు మాటలూ లేవు. దానికి ఉన్నది ఈ పూట. 'ఆర్నెల్ల తర్వాత బాగుంటుంది కాబట్టి ఇప్పుడు భరించు' అని హెన్లీకి చెప్పగలం, పిల్లికి చెప్పలేం.

ఇంతవరకు వాదం శుభ్రంగా ఉంది. శుభ్రంగా లేనిది కూడా చెప్పాలి. తీసేయడం నాకు చవక. రోజూ డ్రెస్సింగ్‌కి ఆఫీసు మానేయక్కర్లేదు. పిల్లి మనసు గురించి నేను చేసిన తర్కమంతా నాకు వీలైన వైపుకే నడిచిందన్న అనుమానం ఇప్పటికీ ఉంది. ఇదే పిల్లి ఇంకొకరింట్లో ఉంటే, వాళ్ళకు తీరిక ఉంటే, కాలు నిలబెట్టడమే సరైనదై ఉండొచ్చు. బోనులో ప్రశాంతంగా కోలుకున్న పిల్లులు ఎన్నో ఉన్నాయని డాక్టరే చెప్పింది.

పొద్దున్నే కిందికి వెళ్ళి వాచ్‌మన్ భార్యకు చెప్పాను, కాలు తీసేయమని చెబుదామనుకుంటున్నానని. ఆమె ముగ్గు వేయడం ఆపలేదు. "అయితే మంచిదే అక్కా. మరి మూడు కాళ్ళతోని ఇది సెల్లార్ల ఎట్ల బతుకుతది? కుక్కలు ఊకుంటయా?"

రాత్రంతా చదివినా ఈ ఒక్క ప్రశ్న నేను వేసుకోలేదు. కాలు నిలబెడితే మచ్చి మళ్ళీ సెల్లార్‌కి వెళ్ళొచ్చు, గోడలెక్కొచ్చు, ఎవరిదీ కాకుండా బతకొచ్చు. కాలు తీసేస్తే అది ఎవరిదో ఒకరిది కావాలి. నేను పోల్చుకుంటున్నది మూడు నెలల్నీ రెండు వారాల్నీ. అసలు పోల్చాల్సింది మూడు నెలల బోనునీ, ఇంకో పదీ పదిహేనేళ్ళ నా ఇంటినీ. అద్దె ఇల్లు. ఓనర్‌కి పిల్లులంటే పడదు.

తొమ్మిదిన్నరకు ఫోన్ చేసి తీసేయమన్నాను. ఆ తర్వాత ఓనర్‌కి ఫోన్ చేశాను. ఆ సంభాషణ పొడుగ్గా జరిగింది, దాని ఫలితంగా అడ్వాన్స్ ఇంకో నెల పెరిగింది.

ఇప్పటికి ఏడు నెలలైంది. మచ్చి పదో రోజుకే సోఫా ఎక్కింది. నడిచేటప్పుడు చిన్నగా గెంతుతుంది, పరుగెత్తితే మాత్రం తేడా కనిపెట్టలేం. బాల్కనీకి వల కట్టించాను. సాయంత్రాలు ఆ వల దగ్గర కూర్చుని కింద గోడ మీద నడిచే పిల్లుల్ని చాలాసేపు చూస్తుంది. అప్పుడు మాత్రం నేను చేసింది సరైనదేనా అని అడుక్కోకుండా ఉండలేను.

ఇంకొకటుంది. ఎడమ చెవి దురద పెడితే తల ఆ వైపుకి వంచుతుంది. కళ్ళు సగం మూస్తుంది. తుంటి దగ్గర కండ గబగబా కదులుతుంది. లేని కాలితో గోక్కుంటోందన్నమాట. చెవికి ఏమీ తగలదు. కాసేపయ్యాక ఆపి నా వైపు చూస్తుంది. చేస్తున్న పని పక్కన పెట్టి వెళ్ళి గోకుతాను.